మొక్కు తీర్చిన రాళ్లు గుంతల్లోకి ఎలా చేరాయి?

ఇంగ్లండ్ వాయవ్య తీరాన, కంబ్రియాలో మేరీపోర్ట్ అనే చిన్న ఓడరేవు ఊరు ఉంది. దాన్ని ఆనుకున్న గుట్ట మీద ఒకప్పుడు రోమన్ల కోట, కోట పక్కన సైనికుల కుటుంబాలు, వ్యాపారులు ఉండే పేట వెలిశాయి. అప్పటి పేరు అలౌనా. 1870లో అక్కడి భూస్వామి హంఫ్రీ సెన్‌హౌస్ ఆ పొలాల్లో తవ్విస్తే గుంతల్లోంచి 17 బలిపీఠాలు, అంటే దేవుడికి మొక్కు తీర్చి నిలిపిన శాసనాల రాళ్లు, బయటపడ్డాయి.

ఈ కుటుంబానికి పాత రాళ్లంటే మక్కువ అంతకు మూడు వందల ఏళ్ల ముందే మొదలైంది. జాన్ సెన్‌హౌస్ పోగుచేసిన శాసనాలను 1599లో చరిత్రకారుడు విలియం కామ్డెన్ స్వయంగా వచ్చి చూశాడు. అయితే ఒకేచోట ఇన్ని దొరకడం వేరే సంగతి. వీటిని ఎవరు పాతిపెట్టారు, ఎందుకు?

శాసనాలు చదివితే భాష మనకు కొత్తగా అనిపించదు. మొదటి పంక్తిలో చాలావాటికి మూడే లాటిన్ అక్షరాలు: ఐ, ఓ, ఎం. అంటే ‘సర్వోత్తముడు, మహోన్నతుడు అయిన జూపిటర్‌కు’. జూపిటర్ రోమన్ల ప్రధాన దేవుడు. తర్వాత సైనిక దళం పేరు, దళపతి పేరు. చివర మళ్లీ పొడి అక్షరాలే. వాటిని విప్పి చదివితే ‘మొక్కు మనసారా, తగినట్టు చెల్లించుకున్నాడు’ అని అర్థం. ఆ దళపతులు స్థానికులు కారు. హాడ్రియన్ చక్రవర్తి కాలంలో స్పెయిన్ పేరు పెట్టుకున్న దళాన్ని నడిపిన మేనియస్ అగ్రిప్పా ఇటలీలోని కామెరీనుం వాడు.

1939లో వెన్‌హామ్ అనే పరిశోధకుడు ఒక వివరణ ఇచ్చాడు. చక్రవర్తి క్షేమం కోరి ఏటా కవాతు మైదానంలో కొత్త పీఠం నిలిపేవారనీ, పాతదాన్ని భక్తితో భూమిలో పాతేవారనీ అతని ఊహ. ఊహ అందంగా ఉంది, పుస్తకాల్లో దశాబ్దాలపాటు దాదాపు సత్యంగానే చలామణి అయింది. పీఠాలను లెక్కపెట్టి ఏ దళం ఇక్కడ ఎన్నేళ్లు ఉందో చెప్పినవారూ ఉన్నారు.

2011లో న్యూకాజిల్ విశ్వవిద్యాలయానికి చెందిన పురావస్తు పరిశోధకుడు ఇయాన్ హేన్స్, టోనీ విల్మట్‌తో కలిసి అవే గుంతలను మళ్లీ తెరిచాడు. అక్కడ పూజ జాడ లేదు. అవి భారీ కొయ్య స్తంభాలు నాటడానికి తవ్విన గుంతలు. స్తంభం కదలకుండా చుట్టూ రాళ్లు కూరాలి కదా, అందుకు చేతికందిన బలిపీఠాలను దించేశారు. రోమన్ల పాలన చివరి రోజుల్లోనో, ఆ తర్వాతో ఎవరో కట్టుకున్న పెద్ద కట్టడం అది. జూపిటర్ పేరు వారికి పట్టలేదు, రాయి బరువు పనికొచ్చింది.

దీంతో వెన్‌హామ్ చెప్పిందంతా కొట్టిపారేయాలని కొందరు తొందరపడతారు. నాకది సబబుగా తోచదు. పాతిపెట్టడం పూజలో భాగం కాదని మాత్రమే తేలింది. ఏటా మొక్కుకోవడం రోమన్ సైన్యానికి అలవాటే, ఇన్ని పీఠాలు పోగవడానికి అదే కారణం కావచ్చు.

2012లో అదే తవ్వకంలో మరో పీఠం దొరికింది. అక్షరాలు చెక్కుచెదరలేదు. నిలిపినవాడు బేటాసీ అనే తెగ పేరున్న దళానికి అధిపతి టైటస్ అట్టియస్ ట్యూటర్, నేటి ఆస్ట్రియాలోని సోల్వా అతని సొంత ఊరు. అతని పేరున్న రాళ్లు అప్పటికే సెన్‌హౌస్ సేకరణలో ఉన్నాయి. ఇప్పుడవన్నీ కోటను ఆనుకునే, 1990లో తెరిచిన మ్యూజియంలో ఉన్నాయి.