కదిరి ఆధార్‌తో బెంగళూరులో కేసు పెట్టొచ్చా?

నేను బెంగళూరులో మహిళల కోసం పనిచేసే ఒక సంస్థలో కేస్ వర్కర్‌ని. మా దగ్గరికొచ్చే తెలుగువాళ్లలో కదిరి, మదనపల్లె వైపు నుంచి కూలిపనికి, ఇళ్లలో పనికి వచ్చినవాళ్లు చాలామంది. గృహహింస కేసుల గురించి వాళ్ల నోట రోజూ వినే మాటలివి.

అపోహ: పెళ్లి ఆంధ్రలో అయింది, ఆధార్ అక్కడిదే. కేసు కూడా అక్కడే పెట్టాలి.

వాస్తవం: అక్కర్లేదు. గృహహింస చట్టం (2005) 27వ సెక్షన్ ప్రకారం ఆమె తాత్కాలికంగా ఉంటున్న చోటైనా, పనిచేస్తున్న చోటైనా మేజిస్ట్రేట్ కోర్టుకు వెళ్లొచ్చు. మారతహళ్లి పక్కన రేకుల షెడ్డులో ఉంటున్నా సరే. ఈ భయం చాలామందికి సిటీ బస్సులో పట్టుకుంటుంది. శక్తి పథకంలో ఉచిత ప్రయాణం కర్ణాటక మహిళలకే. కదిరి ఆధార్ చూపిస్తే కండక్టర్ టికెట్ కొడతాడు. కోర్టులోనూ అంతేననుకుంటారు.

అపోహ: కొడితేనే హింస.

వాస్తవం: ఫిర్యాదు రాసుకునే డీఐఆర్ ఫారం నింపేటప్పుడు ఒక్కో ప్రశ్నా చదివి వినిపిస్తాం. ఆడపిల్లను కన్నావని దెప్పడం, ఖర్చులకు డబ్బివ్వకపోవడం, కూలి డబ్బు లాక్కోవడం అన్నీ అందులో ఉంటాయి. కూలి డబ్బు దగ్గరికి రాగానే "అది మామూలే కదా మేడమ్" అంటారు. అది కూడా ఫారంలో రాస్తాం.

అపోహ: ఎన్జీవోలు కాపురాలు కూలుస్తాయి.

వాస్తవం: మా దగ్గరికి వచ్చి విడాకులు అడిగేవాళ్లు తక్కువ. "తాగొచ్చి మీద పడకుండా చూడండి చాలు" అంటారు. హింస ఆపమని కోర్టు ఇచ్చే రక్షణ ఉత్తర్వు ఉన్నది అందుకే. దాన్ని మీరితే ఏడాది దాకా జైలు లేదా 20 వేల రూపాయల దాకా జరిమానా, ఒక్కోసారి రెండూ. ఇల్లు అతని పేరున ఉన్నా ఆమెను బయటికి నెట్టేయడానికి వీల్లేదు. ఇక "సర్దుకుపో" అని పంపేసే పెద్దమనుషుల పంచాయితీలు ఎన్ని కాపురాలు నిలబెట్టాయో వాళ్లనే అడగాలి.

అపోహ: ఎన్జీవోలకు విదేశీ డబ్బు కుప్పలుగా వస్తుంది.

వాస్తవం: విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేనిదే విదేశాల నుంచి రూపాయి తీసుకోకూడదు. 2020 సవరణ తర్వాత ఆ విదేశీ డబ్బులో పరిపాలన ఖర్చులు 20 శాతం దాటకూడదు. మా జీతాలు చూస్తే ఈ మాట ఎవరూ అనరు.

అపోహ: లాయరుకు డబ్బు లేకపోతే అంతే సంగతులు.

వాస్తవం: ఆదాయం ఎంతైనా సరే, మహిళకు ఉచిత న్యాయ సహాయం 1987 నాటి న్యాయ సేవల చట్టమిచ్చిన హక్కు. ఉత్తర్వు మాత్రం కోర్టే ఇవ్వాలి, మేం ఇవ్వలేం. 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతుంది గానీ వాయిదాలు నడుస్తూనే ఉంటాయి. అందుకే మొదటి అర్జీతోనే, కేసు తేలేదాకా పనిచేసే మధ్యంతర ఉత్తర్వు కూడా అడిగిస్తాం.