శ్రీకాకుళం గోరీల తగవు: మూలం 1791 కరవులో

శ్రీకాకుళం పాత పట్టణంలో రోడ్డు వెడల్పు చేసి మురుగుకాలువ వేయడానికి తవ్విన చోట గోరీలు బయటపడటంతో, అక్కడ ఖబరస్తాన్ ఉండేదా లేదా అన్న తగవు మళ్లీ మొదటికొచ్చింది. కుతుబ్‌షాహీల ఫౌజుదారు (సీమను ఏలే సైనికాధికారి) షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో జామియా మసీదు కట్టించిన సంగతీ, ఊరికి గుల్షనాబాద్ అన్న పేరుండిన సంగతీ ఇక్కడివారికి తెలిసినవే గనుక వాటి జోలికి పోనక్కర్లేదు. తగవుకు మూలం ఆ తరవాత నూట యాభై ఏళ్లకు వచ్చిన కరవులో ఉంది.

1791లో ఆ కరవు ఊరిని దాదాపు నిర్మానుష్యం చేసింది. అంతకుముందే, 1753లో నిజాం సలాబత్ జంగ్ కోస్తాలోని ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి ధారాదత్తం చేస్తే, అది గిట్టని ఫౌజుదారు జాఫర్ అలీ ఖాన్ మరాఠా సేనలను పిలిపించి పల్లెలను దోపిడీ పాలు చేశాడు. 1766 ఒప్పందంతో సర్కారులు ఇంగ్లీషు కంపెనీ చేతికి వెళ్లాయి. ఫౌజుదారుల కొలువును నమ్ముకుని బతికిన కుటుంబాలు అప్పటికే చెదిరిపోతుండగా, మిగిలినవారి మీద కరవు పడింది. రాతి మీద పేరు చెక్కించుకోగల తాహతు ఎప్పుడూ కొందరిదే. తక్కిన గోరీలకు గుర్తు మనుషుల జ్ఞాపకమే. ఏటేటా మట్టి ఎగదోసి సున్నం కొట్టే చేతులు లేకపోతే గోరీ రెండు తరాల్లో నేలమట్టమవుతుంది. 1802లో శాశ్వత శిస్తు నిర్ణయం, ఆపైన సర్వేలు వచ్చేసరికి, ఇది ఫలానావారి స్థలమని చూపించేవారు మిగిలి ఉండరు. గొలుసు పట్టుకొచ్చిన సర్వేయరు కంటికి కనబడిన బంజరునే రాసుకుని ఉంటాడు.

పనులు చేయిస్తున్నవారి వాదన క్లుప్తమైనది. రికార్డులో ఖబరస్తాన్ లేదు, బయటపడినవి 1866 కరవులో పూడ్చిన అనాథ శవాలు కావచ్చు, పని ఆగితే వానలకు వీధులు మునుగుతాయి. మునక మాటను కొట్టిపారేయలేం. 1876 వరదకు నాగావళి వంతెన కమానులు ఆరు కొట్టుకుపోయిన ఊరిది. అనాథ శవాల మాట మాత్రం గోతిలోకి ఒకసారి తొంగిచూస్తే నిలిచేది కాదు. కాలువ గోడ తెగిన చోట, నడుము లోతున, పలచని ఇటుకలను సున్నంతో పేర్చిన గూడు కనిపిస్తుంది. అందులో ముస్లింల ఆచారం ప్రకారం తల ఉత్తరానికి, ముఖం పడమటికి ఉంది. పక్క గూడుకు మూరెడు ఎడం పాటించారు. గంజికే దిక్కులేని ఏడాదిలో సున్నం గానుగ ఆడించి, ఇంత వరసగా ఎవరు పాతిపెడతారన్న, ఇక్కడ ఖబరస్తాన్ ఉండేదంటున్న పాతకాపుల ప్రశ్నకు అటువైపు నుంచి జవాబు లేదు.

ఇవి మధ్యయుగానివా అన్నది మరో పేచీ. పదిహేడో శతాబ్దం మన పాఠ్యపుస్తకాల లెక్కలో మధ్యయుగమే గానీ, చట్టానికి ఆ మాటతో పనిలేదు, నూరేళ్లు దాటితే చాలు. 1958 నాటి కేంద్ర చట్టం ప్రాచీన కట్టడానికిచ్చిన నిర్వచనంలో ఖననస్థలం కూడా ఉంది. అయితే రక్షిత కట్టడాలుగా ప్రభుత్వం ప్రకటించిన (నోటిఫై చేసిన) వాటికే చుట్టూ నూరు మీటర్ల నిషేధం వర్తిస్తుంది. నేలలో కలిసిపోయిన గోరీని ముందుగా నోటిఫై చేయడం ఎవరి తరం? 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువైనది దొరికితే కలెక్టరుకు తెలపాలి. బంగారు నాణెం దొరికితే ఆగవలసిన పని పుర్రె దొరికితే ఆగకపోవడం, ఎముకకు వెలకట్టేవారు లేకపోవడం వల్లే.

పాతకాపులు కాలువ వద్దనడం లేదు. దారి కొద్దిగా మళ్లించాలని, పురావస్తు శాఖవారు వచ్చి కొలతలు, ఫొటోలు తీసేదాకా ఆ ముక్కను వదిలేయాలని మాత్రమే అడుగుతున్నారు. తీసిన ఎముకలను కూలీలు సిమెంటు సంచిలో కట్టి గోడవారగా పెట్టారు. గోరీల కాలం తేల్చడానికి పనికొచ్చే ఇటుకలు, సున్నం మాత్రం మట్టితోపాటు లారీకెక్కి పోయాయి.