కేసు ఉన్నవాళ్లు ఉద్యోగానికి వెళ్తే: కొన్ని అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్‌లో బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ నా పని. ఆఫర్ లెటర్ చేతికొచ్చాక మీ డిగ్రీ, పాత ఉద్యోగం, చిరునామా, కోర్టు కేసులు సరిచూసేది మాలాంటివాళ్లమే. తెలిసినవాళ్ల పిల్లలు ఫోన్ చేసి అడిగేది ఒకటే: "అన్నా, కేసు సంగతి చెప్పాలా, ఊరుకోవాలా?" నేను చూసినంతలో కేసు వల్ల పోయిన ఉద్యోగాలకన్నా, ఫారంలో "లేదు" అని రాసినందుకు పోయినవే ఎక్కువ.

అపోహ: కేసు కొట్టేశారు కదా, ఇక ఎవరికీ కనబడదు.

వాస్తవం: కొట్టేస్తే మీరు నిర్దోషే. రాజీకి వీలున్న కేసులో చట్టప్రకారం రాజీ పడ్డా నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క. కానీ ఈ-కోర్ట్స్ సైట్‌లో పేరు కొడితే కేసు నంబరు, సెక్షన్లు, వాయిదాలు ఇంకా కనబడుతూనే ఉంటాయి. పైగా మన దగ్గర ఒకే పేరుతో ఊరికి పదిమంది. తండ్రి పేరు, చిరునామా కలిపి చూసినా ఒక్కోసారి వేరేవాళ్ల కేసు మీకు తగులుకుంటుంది. అందుకే తీర్పు సర్టిఫైడ్ కాపీ తీసి ఇంట్లో పెట్టుకోండి. మేం అడిగిన రోజే పంపితే ఫైలు అక్కడితో ఆగదు.

అపోహ: డ్రంక్ అండ్ డ్రైవ్ కూడా చలానా లాంటిదే.

వాస్తవం: నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇదే. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద మొదటిసారికే ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. కోర్టులో తప్పు ఒప్పుకుని ఫైన్ కట్టి వచ్చారంటే శిక్ష పడినట్టే. ఫ్రెండ్స్ మధ్య అదో జోకు. ఆర్నెల్లకు "ఎప్పుడైనా శిక్ష పడిందా?" అన్న గడిలో ధైర్యంగా "లేదు" అని టిక్ పెడతారు. ఒక కుర్రాడి విషయంలో హెచ్ఆర్ ఆమె నాతో అన్నమాట: "తాగి బండి నడిపాడని కాదండీ, మాకు రాసిచ్చింది అబద్ధం."

అపోహ: అయితే ఇంటర్వ్యూలో కూర్చోగానే అన్నీ చెప్పేయాలి.

వాస్తవం: అక్కర్లేదు. అడిగినదానికి జవాబు చెప్పాలి. అరెస్టయ్యారా, కేసు నడుస్తోందా, శిక్ష పడిందా, ఇవి మూడు వేర్వేరు ప్రశ్నలు. అమెరికా వీసా కోసం నింపే డీఎస్-160 అయితే అరెస్టు గురించి కూడా అడుగుతుంది. ప్రభుత్వోద్యోగాల్లో చేరేముందు మన వివరాలు రాసిచ్చే అటెస్టేషన్ ఫారం మీద 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది: అడిగినవే చెప్పాలి, అడిగినది దాస్తే తీసేయొచ్చు, కాకపోతే నేరం చిన్నదా, వయసెంత, పోస్టేమిటి అన్నవి చూడాలి. నిజం చెప్పినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలనీ లేదు. పోలీసు ఉద్యోగాల్లో ఇంకా గట్టిగా చూస్తారు.

ఇక ఎలా చెప్పాలి? అన్నావదినల గొడవలో అత్తింటి వేధింపుల కేసు (2024 జులైకి ముందు ఐపీసీ 498ఏ) పెట్టి తమ్ముణ్ని కూడా నిందితుల్లో చేర్చడం మనకు తెలిసిందే. "మా వదిన పెట్టిన కేసులో నా పేరు ఏ4గా ఉంది. చార్జిషీటు వేశారు, కోర్టులో నడుస్తోంది. కాగితాలు ఇవిగో." అంతే, ఆపండి. వదిన మంచిదా చెడ్డదా అన్నది హెచ్ఆర్‌కు అనవసరం.

అపోహ: కేసుంటే పాస్‌పోర్టు రాదు.

వాస్తవం: కేసు పెండింగ్‌లో ఉంటే ఆ కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. సాధారణంగా తక్కువ కాలానికి ఇస్తారు. గల్ఫ్ వెళ్లేవాళ్లు ఏజెంటు దగ్గరికి కాకుండా ముందు లాయరు దగ్గరికి వెళ్లాలి.

అపోహ: జైలుకెళ్లొచ్చినవాడికి ఎవరూ పని ఇవ్వరు.

వాస్తవం: కష్టమే, కాదనను. అయినా తెలంగాణ జైళ్ల శాఖ నడిపే పెట్రోలు బంకుల్లో విడుదలైనవాళ్లు పని చేస్తున్నారు. మిగతా చోట్ల అసలు చిక్కు జైలు కన్నా, లోపల గడిపిన కాలపు ఖాళీని కన్సల్టెన్సీలో కొన్న ఎక్స్‌పీరియన్స్ లెటర్‌తో పూడ్చడం. పీఎఫ్ యూఏఎన్ నంబరు చూస్తే ఏ కంపెనీ ఏ నెలలో మీకు జమ కట్టిందో తెలిసిపోతుంది. ఆ ఖాళీ ఖాళీగానే ఉండనివ్వండి. లోపల టైలరింగో కంప్యూటరో నేర్చుకుని ఉంటే ఆ పని చేసి చూపించండి.