మూడు సిస్టమ్‌లు, ఒకే షార్ట్‌కట్‌లు: అపోహలు - వాస్తవాలు

విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటికీ ఒకే యాప్ రాసే టీమ్‌లో ఎప్పుడో ఒకప్పుడు ఈ పేచీ రాక తప్పదు: కీబోర్డ్ షార్ట్‌కట్‌లు మూడింట్లోనూ ఒకేలా ఉండాలా, వద్దా? నేను తరచూ వినే మాటలు ఇవి.

అపోహ: మ్యాక్‌లో కంట్రోల్ తీసి కమాండ్ పెడితే పని అయిపోయినట్టే.

వాస్తవం: కాపీ, పేస్ట్, సేవ్ వరకు నిజమే. క్యూటీ (Qt) లాంటి, యాప్‌లు కట్టే టూల్‌కిట్ ఆ మార్పు తనే చేసేస్తుంది. తలనొప్పి ఆ తర్వాతే. విండోస్‌లో చాలా ఎడిటర్లు రీప్లేస్‌కి వాడే కంట్రోల్+హెచ్‌ని అలాగే మారిస్తే కమాండ్+హెచ్ అవుతుంది. మ్యాక్‌లో అది నొక్కితే యాప్ మొత్తం మాయం! రీడూ మ్యాక్‌లో కమాండ్+షిఫ్ట్+జెడ్, విండోస్‌లో కంట్రోల్+వై. మన యాప్ పోలాల్సింది ఆ మెషీన్‌లోని పక్క యాప్‌లని. వేరే మెషీన్‌లో ఉన్న మన యాప్‌నే పోలితే ఆ సుఖం డెవలపర్‌కే.

అపోహ: కంట్రోల్+ఆల్ట్ కాంబినేషన్లు ఖాళీగానే ఉన్నాయి కదా.

వాస్తవం: అదనపు గుర్తులు టైప్ చేయడానికి వాడే కుడివైపు ఆల్ట్ కీ, అంటే ఆల్ట్‌జీఆర్ (AltGr), విండోస్‌లో కంట్రోల్+ఆల్ట్‌తో సమానం. ఇంగ్లిష్ (ఇండియా) లేఔట్‌లో దానితో 4 నొక్కితే ₹ వస్తుంది. మీరు కంట్రోల్+ఆల్ట్+4ని హెడింగ్‌కి ఇచ్చారనుకోండి, బిల్లు టైప్ చేసే ఆయనకి రూపాయి గుర్తు రాదు సరికదా, లైను రూపమే మారిపోతుంది.

అపోహ: ఏ అక్షరం నొక్కారో చూసుకుంటే చాలు.

వాస్తవం: తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ లేఔట్‌లో సి కీ మీద ఉండేది 'మ'. కీ నొక్కినప్పుడు బ్రౌజర్ వెబ్ యాప్‌కి పంపే ఈవెంట్‌లో 'కీ' (వచ్చిన అక్షరం) విలువ మాత్రమే చూస్తే కంట్రోల్+సి లాంటి షార్ట్‌కట్ పలకకపోవచ్చు. పోనీ 'కోడ్' చూద్దామా, అంటే కీ ఉన్న చోటు? తెలుగువాళ్ల గొడవ తీరి ఫ్రెంచివాళ్లది మొదలవుతుంది. వాళ్ల అజెర్టీ కీబోర్డ్ లేఔట్‌లో జెడ్ ఉండేది మన డబ్ల్యూ కీ ఉన్న చోట. పాపం, అన్‌డూ అనుకుని కంట్రోల్+జెడ్ నొక్కితే యాప్ దాన్ని కంట్రోల్+డబ్ల్యూగా తీసుకుని ఫైల్ క్లోజ్ అయి కూర్చుంటుంది. నేనైతే ముందు 'కీ' చూస్తాను, వచ్చింది లాటిన్ అక్షరం కాకపోతేనే 'కోడ్' జోలికి వెళ్తాను.

అపోహ: షిఫ్ట్+ఇన్సర్ట్‌తో పేస్ట్ చేసేవాళ్లు ఇంకా ఎవరున్నారు?

వాస్తవం: ఉన్నారు. 1987లో ఐబీఎం పెట్టిన సీయూఏ (CUA, యాప్‌లన్నీ ఒకే తీరులో వాడేలా పెట్టిన) నియమాల నాటి అలవాటు అది, విండోస్‌లో నేటికీ నడుస్తోంది. ఉంచేయండి, ఎవరికీ అడ్డం లేదు.