నేల నిండిన తరువాత కురిసే వాన

రోజుల తరబడి ముసురు పట్టినప్పుడు అందరూ ఆకాశం వంకే చూస్తారు గానీ, నష్టం ఏ మేరకు ఉంటుందో చాలావరకు నిర్ణయించేది నేల. మట్టి రేణువుల మధ్య సన్నని ఖాళీలుంటాయి. వాన మొదలైన కొత్తలో నీరు వాటిలోని గాలిని తోసివేసి లోపలికి ఇంకుతుంది. అవి నిండిపోయాక కురిసినదంతా దాదాపుగా పల్లానికే పారుతుంది. ఒక చదరపు కిలోమీటరు మీద 100 మిల్లీమీటర్ల వాన పడిందంటే లక్ష టన్నుల నీరు చేరినట్టు. అందువల్ల నాలుగో రోజు పడిన ఒక మోస్తరు వాన, మొదటి రోజు కుండపోత కన్నా పెద్ద వరదను తేగలదు. 2021 జూలైలో జర్మనీలోని ఆర్ లోయను వరద ముంచెత్తినప్పుడు, అంతకు ముందు కురిసిన వానలతో అక్కడి నేల అప్పటికే నాని ఉంది. ఆ వరదల్లో ఆ దేశంలో 180 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.

నానిన నేలకు పట్టు కూడా తగ్గుతుంది. రేణువుల మధ్య చేరిన నీటి ఒత్తిడి వాటిని ఎడంగా నెట్టడంతో రాపిడి సన్నగిల్లి కొండచరియలు జారతాయి. మామూలప్పుడు తట్టుకునే గాలికే పెద్ద చెట్లు వేళ్లతో సహా ఒరిగిపోతాయి.

అన్నిటికన్నా జాగ్రత్తగా గమనించవలసినది ఏటిగట్టు. నీరు గట్టు మీదుగా పొర్లినప్పుడే గండి పడుతుందనుకుంటాం గానీ, ఎన్నో సందర్భాల్లో అది గట్టు అడుగునే మొదలవుతుంది. గట్టుకు ఏరు లేని వైపున, దాని పాదం దగ్గర నేలలోంచి నీరు ఊటలా ఉబుకుతుంది. ఆ ఊట తేటగా ఉంటే బయటికి వస్తున్నది నీరు మాత్రమే. అదే మడ్డిగా మారి, చుట్టూ సన్నని ఇసుక చిన్న దిబ్బలా పేరుకుంటున్నదంటే, గట్టు కింది మట్టి కొట్టుకుపోతూ లోపల సొరంగం పెరుగుతున్నదని అర్థం. దాన్ని బిగించి మూసేస్తే నీరు మరోచోట దారి చేసుకుంటుంది కనుక, అనుభవజ్ఞులు ఊట చుట్టూ ఇసుక బస్తాలను వలయంగా పేర్చి, అందులో నీటిని కొంత ఎత్తుకు నిలవనిస్తారు. లోపల నిలిచిన నీరు ఏటి ఒత్తిడికి ఎదురునిలిచి, ఊట వేగం తగ్గి, మట్టి కదలడం ఆగుతుంది. ఇంత సులభమైన ఉపాయం ఎన్నో ఊళ్లను కాపాడగలదు. అయితే మడ్డినీటిని సకాలంలో గుర్తించే కాపలా మనుషులు రాత్రివేళ కూడా గట్టు మీద ఉండాలి.

గాలి ఒక్కో డిగ్రీ వేడెక్కిన కొద్దీ దాదాపు 7 శాతం అదనంగా నీటి ఆవిరిని నింపుకోగలదు. భూతాపం పెరుగుతున్న ఈ కాలంలో భారీ వానలు మరింత భారీగా కురవడానికి అదొక ముఖ్య కారణం. అందుకే వర్షసూచనతో పాటు నేలలోని తేమనూ కొలిచి వరద హెచ్చరికలు ఇవ్వడం అత్యవసరం.

వాన వెలిసినంత మాత్రాన ముప్పు తీరదు. ఎగువన కురిసిన నీరు దిగువకు చేరడానికి పెద్ద నదుల్లో రోజులు పడుతుంది. వరద వేగంగా తీసినప్పుడు మరొక ప్రమాదం ఉంది: అంతవరకు ఒడ్డును బయటినుంచి ఒత్తిపట్టిన నదీజలం దిగిపోతుంది, ఒడ్డు లోపల నిండిన నీరు మాత్రం అంత త్వరగా దిగదు. ఆ బరువుతో ఒడ్లు పెళ్లలు పెళ్లలుగా విరిగిపడుతుంటాయి కనుక, నది శాంతించినట్టు కనిపించినా కొన్నాళ్లపాటు అంచుల దగ్గరికి వెళ్లకూడదు.