కోపెన్‌హేగెన్ సోలో ట్రిప్: సైకిల్ నుంచి ఆవకాయ దాకా అపోహలు - వాస్తవాలు

సోలో ట్రిప్‌లు ప్లాన్ చేసిపెట్టడం నా వృత్తి. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగెన్ వెళ్తామని వచ్చేవాళ్లు ఎక్కువగా రెండు రకాలు. దిగిన దగ్గర్నుంచి సైకిల్ మీదే ఊరంతా చుట్టేస్తామనేవాళ్లు కొందరు, ‘అమ్మో, ఆ ఖర్చు మనవల్ల కాదు’ అని సగంలోనే వెనక్కి తగ్గేవాళ్లు ఇంకొందరు. వాళ్ల నోట తరచూ వినే మాటలే ఇవి.

అపోహ: సైకిల్ తొక్కడం వస్తే చాలు, అక్కడ సైకిల్‌దే రాజ్యం.

రాజ్యం సైకిల్‌దే. అందుకే దానికి రూల్స్ కూడా ఎక్కువ. పొద్దున ఎనిమిదింటికి డ్రోనింగ్ లూయిసెస్ వంతెన మీద చూడండి: ఆఫీసులకు పోయేవాళ్లు, ముందు పెట్టెలో పిల్లల్ని కూర్చోబెట్టుకున్న తల్లిదండ్రులు, ఒకరి వెనక ఒకరు జోరుగా పోతుంటారు. అందులో ఫొటో కోసం ఠక్కున బ్రేకు వేస్తే వెనకవాళ్లు మీద పడతారు.

కొన్ని సంగతులు ముందే తెలిసి ఉండాలి. సైకిళ్లకు విడిగా ఉండే ట్రాక్‌లో కుడి అంచున పోవాలి, దాటేవాళ్లకు ఎడమవైపు వదలాలి. ఆగేముందు చెయ్యి పైకెత్తి చూపాలి. ఎడమకు తిరగాలంటే మనకు రోడ్డు మధ్యకు జరగాలనిపిస్తుంది. అక్కడ అలా కుదరదు. కుడి అంచునే ఉండి కూడలిని నేరుగా దాటాలి, అవతలి మూలన ఆగి సైకిల్‌ను ఎడమకు తిప్పుకోవాలి, అటు సిగ్నల్ పచ్చబడ్డాక కదలాలి. కుడికి తిరిగేటప్పుడు కూడా, ప్రత్యేకంగా బోర్డు ఉంటే తప్ప, ఎర్ర సిగ్నల్ దాటకూడదు. బస్సు దిగినవాళ్లు నేరుగా ట్రాక్‌లోకే అడుగుపెట్టే స్టాపులు ఉంటాయి. అక్కడ ఆగాల్సింది మీరే. చీకటి పడితే ముందూ వెనకా లైట్లు తప్పనిసరి. పెద్దవాళ్లకు హెల్మెట్ తప్పనిసరి కాదు. అయినా పెట్టుకోమనే చెబుతాను.

ఇంకొకటి, మనవాళ్లు బెంబేలెత్తేది: డెన్మార్క్‌లో చాలా సైకిళ్లకు వెనక బ్రేకు పెడల్‌లోనే ఉంటుంది. పెడల్‌ను వెనక్కి తొక్కితే చక్రం ఆగిపోతుంది. ఊరికే అలవాటుగా పెడల్ వెనక్కి తిప్పేవాళ్లు మొదటి ఐదు నిమిషాల్లోనే కంగారుపడతారు. అద్దెకు తీసుకున్నాక ఖాళీ సందులో నాలుగు రౌండ్లు తొక్కి చూసుకోండి.

నా లెక్కలో మొదటి రోజు సైకిల్ వద్దే వద్దు. ఆ రోజు నడవండి, ట్రాఫిక్ చూడండి. రెండో రోజో మూడో రోజో, వీలైతే ఆదివారం పొద్దున, యాప్‌తో దొరికే డాంకీ రిపబ్లిక్ నారింజ రంగు సైకిల్ ఒకటి తీసుకుని హార్బర్ చుట్టూ ఉన్న 13 కిలోమీటర్ల హావ్నరింగెన్ దారి పట్టుకోండి. నీళ్లు ఎప్పుడూ పక్కనే ఉంటాయి కాబట్టి దారి తప్పడం కష్టం. న్యూహావ్న్ పాత రేవును అవతలి ఒడ్డున ఉన్న క్రిస్టియన్స్‌హావ్న్ పేటతో కలుపుతూ 2016లో తెరిచిన వంతెన మీద కార్లు ఉండవు, నడిచేవాళ్లూ సైకిళ్లూ మాత్రమే. 2014లో కట్టిన నారింజ రంగు సైకిల్ వంతెన ‘సైకిల్ పాము’ కూడా ఈ హార్బర్ మీదే. అలసిపోతే సైకిల్‌ను ‘ఎస్-టోగ్’ అనే లోకల్ రైల్లో ఎక్కించేయవచ్చు, దానికి టికెట్ అక్కర్లేదు. మెట్రోలో మాత్రం సైకిల్‌కు విడిగా టికెట్ కొనాలి.

అపోహ: నడక నగరంలో నడిచేవాళ్లకు టెన్షన్ ఉండదు.

కార్ల టెన్షన్ తక్కువే. సైకిళ్లతోనే జాగ్రత్త. ఫుట్‌పాత్‌కూ రోడ్డుకూ మధ్య, ఫుట్‌పాత్ కన్నా కాస్త దిగువన సైకిల్ ట్రాక్ ఉంటుంది. ట్రాలీ బ్యాగు పక్కన పెట్టుకుని అందులో నిలబడి మ్యాప్ చూసేవాళ్లను గంట కొట్టి, కళ్లతోనే తిట్టి పోతారు. పైగా అక్కడ బండ్లు కుడివైపు నడుస్తాయి. రోడ్డు దాటేటప్పుడు మన అలవాటు కొద్దీ ముందు కుడికి చూస్తాం, అక్కడ ముందు చూడాల్సింది ఎడమకు.

దూరాల విషయానికొస్తే, పాత ఊరు నిజంగానే కాళ్లకు అందేంతలో ఉంటుంది. 1962 నుంచి కార్లు లేని స్ట్రోయెట్ వీధి టౌన్‌హాల్ దగ్గర్నుంచి కోంగెన్స్ న్యూటోర్వ్ కూడలి దాకా కిలోమీటరు పైచిలుకు. ‘లిటిల్ మర్మెయిడ్’ అనే జలకన్య విగ్రహం మాత్రం న్యూహావ్న్ నుంచి ఇంకో రెండు కిలోమీటర్లు. అంత దూరం నడిచి వెళ్లి 1.25 మీటర్ల బొమ్మను చూసి ‘ఇంతేనా’ అనుకోనివాళ్లు తక్కువ. హార్బర్ ఒడ్డున నడక కోసం వెళ్లండి, బొమ్మ కోసం కాదు.

అపోహ: ఒంటరిగా వెళ్తే ఊరి నడిబొడ్డునే దిగాలి.

రూముకు మనిషొక్కరైనా ఇద్దరైనా దాదాపు అదే అద్దె. సోలో బడ్జెట్‌కు దెబ్బ పడేది ఇక్కడే. మెట్రో 24 గంటలూ తిరుగుతుంది, విమానాశ్రయం నుంచి ఊరి మధ్యకు పావుగంట. 2019లో మొదలైన సిటీరింగ్ లైన్‌లో 17 స్టేషన్లు ఉన్నాయి, వలయం మొత్తం తిరగడానికి అరగంట కూడా పట్టదు. కాబట్టి నోర్‌బ్రో, ఫ్రెడరిక్స్‌బెర్గ్, అమేయర్ పేటల వైపు స్టేషన్‌కు నడిచే దూరంలో ఏదైనా పర్వాలేదు. హాస్టల్ అయితే ఆడవాళ్లకు విడిగా డార్మ్ ఉందో లేదో బుక్ చేసేముందే చూసుకోండి.

మెట్రోలో గేట్లు ఉండవు. చూసేవాళ్లు లేరనుకోవద్దు, చెకింగ్ ఉంటుంది, జరిమానా గట్టిగానే ఉంటుంది. ‘సిటీ పాస్ స్మాల్’ అనే ప్రయాణ పాస్ కొంటే విమానాశ్రయంతో సహా 1 నుంచి 4 జోన్ల దాకా బస్సు, రైలు, మెట్రో, పసుపు రంగు హార్బర్ బస్సు అన్నీ అందులోనే. హార్బర్ బస్సంటే పడవ. డబ్బు పోసి కెనాల్ టూర్ ఎక్కేముందు ఒకసారి దీన్నెక్కి చూడండి.

అపోహ: యూరప్ కదా, యూరోలు తీసుకెళ్తే సరి.

డెన్మార్క్ యూరోను 2000 రెఫరెండంలో కాదంది. అక్కడ నడిచేది క్రోన్. మీ ఫారెక్స్ కార్డులో క్రోన్ లోడ్ అవుతుందో లేదో బ్యాంకును అడగండి. యూరోలు లోడ్ చేసి అక్కడ గీకితే మార్పిడి చార్జీ అదనంగా పడుతుంది.

ఖర్చు ఎక్కువే, దాచిపెట్టను. కానీ కుళాయి నీళ్లు నేరుగా తాగొచ్చు, టిప్ ఇవ్వాల్సిన పని లేదు, ఇస్లాండ్స్ బ్రూగె హార్బర్ బాత్‌లో ఈత ఉచితం. తాగేసిన డబ్బాలు, సీసాలు సూపర్ మార్కెట్ మెషీన్‌లో వేస్తే సైజును బట్టి 1 నుంచి 3 క్రోన్‌ల డిపాజిట్ వెనక్కొస్తుంది. రెండు పూటలూ హోటల్లో తినాలనుకుంటేనే జేబు ఖాళీ అవుతుంది. ఒక పూట నెట్టో, రెమా 1000 లాంటి షాపుల్లో కొనుక్కుంటే చాలు.

అపోహ: శాకాహారులు బ్రెడ్డూ అరటిపండుతో గడపాల్సిందే.

నోర్‌బ్రో వైపు ఫలాఫెల్, అంటే శనగలతో చేసే వడల్లాంటివి, కడుపు నిండా దొరుకుతుంది. పచ్చడి ప్యాకెట్లు పట్టుకెళ్లాలనుకుంటే నూనె కారకుండా గట్టిగా ప్యాక్ చేసి చెక్-ఇన్ బ్యాగులో పెట్టండి. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్లు మాత్రం వద్దు. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి వ్యక్తిగత సామానులో మాంసం, పాల ఉత్పత్తులు తేకూడదు. తాజా మామిడిపళ్లకూ కరివేపాకుకూ మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతారు. అమ్మ పెట్టిందని ఊరుకోరు.

అపోహ: వీసా త్వరగా ఇచ్చే దేశంలో అప్లై చేసి, కోపెన్‌హేగెన్‌లో తిరగొచ్చు.

షెంగెన్ అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపు, డెన్మార్క్ కూడా అందులోనే. దాని నియమం స్పష్టంగా ఉంది. ఎక్కడ ఎక్కువ రోజులు ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు. రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు. కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ఇన్సూరెన్స్ కావాలి.

అపోహ: ఎప్పుడు వెళ్లినా ఒకటే.

జూన్‌లో పగలు 17 గంటలు దాటుతుంది, డిసెంబరులో సాయంత్రం నాలుగు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. చలికాలం తక్కువ రేటుకు దొరికిందని నాలుగు రోజుల ప్లాన్ వేస్తే చేతికొచ్చే వెలుతురు రెండు రోజులకు సరిపోయేంతే. ఏ కాలమైనా గాలి, వాన ఆపే జాకెట్ ఒకటి ఉండాలి. మ్యూజియంలు చాలావరకు సోమవారం మూత.

అపోహ: మాల్మో షెంగెన్‌లోనే ఉంది, పాస్‌పోర్ట్ రూములో వదిలేసి వెళ్లొచ్చు.

ఓరెసుండ్ వంతెన మీదుగా రైల్లో వెళ్తే స్వీడన్‌లోని మాల్మో నలభై నిమిషాల ప్రయాణం, సింగిల్ ఎంట్రీ వీసా చాలు. కానీ సరిహద్దులో తనిఖీలు జరుగుతుంటాయి కాబట్టి పాస్‌పోర్ట్ దగ్గరుండాల్సిందే. సిటీ పాస్ స్మాల్ ఆ వంతెన దాటాక చెల్లదు, టికెట్ విడిగా కొనుక్కోండి.