టీమ్ ఢిల్లీకి పోయింది సరే, బస్తీ క్లబ్బులు ఎటు పోయాయి?

2025లో హైదరాబాద్ ఎఫ్‌సీ కాస్తా స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయిపోయినప్పుడు చాలామంది అన్న మాట ఒకటే, "మనది క్రికెట్ ఊరు, ఇక్కడ ఫుట్‌బాల్ ఎవడు చూస్తాడు" అని. అసలు ఆ టీమ్ ఇక్కడ పుట్టింది కాదు. 2019లో పుణె టీమ్ మూతపడితే దాని జాగాలో ఇక్కడికి వచ్చింది, 2022 మార్చిలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి దేశంలో పెద్ద ఫుట్‌బాల్ లీగ్ అయిన ఐఎస్ఎల్ కప్పు కూడా కొట్టింది, ఆ తర్వాత అప్పులు, ఓనర్ల మార్పులు, చివరికి అద్దెకున్నవాళ్లు ఇల్లు ఖాళీ చేసినట్టు వెళ్లిపోయింది. బాధ ఉంది, కాదనను. కానీ దాన్ని చూపించి ఈ ఊళ్లో ఫుట్‌బాల్ లేదనడం మాత్రం చరిత్ర తెలియక అనే మాట.

ఈ ఊరికి బంతి తెచ్చింది మిలిటరీవాళ్లు. సికింద్రాబాద్ కంటోన్మెంట్, తిరుమలగిరి, బొల్లారం, ఎక్కడ పటాలం ఉంటే అక్కడ మైదానం ఉండేది, మైదానం చుట్టూ చూడటానికి పిల్లలు చేరేవాళ్లు. పాతబస్తీ అవతల బార్కస్ కూడా అలాంటిదే. నిజాం దగ్గర పనిచేసిన అరబ్బు సిపాయిల బ్యారక్స్ ఉన్న చోటు కాబట్టి ఆ పేరు. యెమెన్ మూలాలున్న కుటుంబాలు అక్కడ ఇప్పటికీ ఉన్నాయి, ఫుట్‌బాల్ కూడా ఉంది. చూసిన పిల్లలు ఆడటం మొదలుపెట్టారు, ఆడిన పిల్లలు క్లబ్బు పెట్టుకున్నారు.

క్లబ్బు అంటే ఆఫీసు, బోర్డు అనుకునేరు. ఒక పేరు, ఒక బంతి, నలుగురూ వేసుకున్న చందా, దగ్గర్లో ఖాళీ జాగా, సాయంత్రం వచ్చి నిలబడే ఒక పెద్దమనిషి, అంతే. అలాంటి టీముల్లో ఒకటి కమర్ క్లబ్. ఇంకోటి ఎలెవెన్ హంటర్స్, ఉస్మానియాలో చదివే కుర్రాళ్లు, చదివి వెళ్లినవాళ్లు కలిసి ఆడిన టీమ్. ఈ రెండింటిలోనూ ఆడిన ఒక స్కూలు టీచర్ తర్వాత దేశం మొత్తానికి కోచ్ అయ్యాడు, ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీమ్, అందరికీ రహీమ్ సాబ్. 1909లో ఇక్కడే పుట్టాడు.

రహీమ్ గురించి మాట్లాడితే అందరూ పతకాల దగ్గరికి వెళ్లిపోతారు. 1951లో ఢిల్లీ ఏషియాడ్ (ఆసియా క్రీడలు) బంగారం, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962లో జకార్తా ఏషియాడ్‌లో దక్షిణ కొరియా మీద 2-1తో మళ్లీ బంగారం, అప్పటికే ఆయనకు ఊపిరితిత్తుల క్యాన్సర్, 1963 జూన్‌లో పోయాడు. ఇవన్నీ నిజమే, గొప్పవే. నాకు మాత్రం ఆయన 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా ఉండి చేసిన పని అంతకంటే పెద్దదిగా కనిపిస్తుంది. కుర్రాళ్లకు వింత రూల్స్‌తో పోటీలు పెట్టేవాడు. ఒక పోటీలో డ్రిబ్లింగే (బంతిని కాలి దగ్గరే పెట్టుకుని పరుగెత్తడం) చేయకూడదు, బంతి కాలికి తగలగానే పాస్ ఇచ్చేయాలి. ఇంకో పోటీలో అలవాటు లేని కాలితోనే కొట్టాలి, అంటే కుడికాలు వాటం ఉన్నవాడు ఎడమకాలితో. దీనికి పైసా ఖర్చు లేదు, విదేశీ కోచ్ అక్కర్లేదు, మైదానం ఉంటే చాలు. కొన్నేళ్లు ఇలా ఆడినవాడికి రెండు కాళ్లూ ఒకటే అయిపోతాయి, బంతి దగ్గర పెట్టుకుని షో చేసే అలవాటూ పోతుంది.

మైదానంలో ఈ శిక్షణ ఒక ముడిసరుకు అయితే, రెండో ముడిసరుకు ఉద్యోగం. సిటీ అఫ్గాన్స్ అనే పేరుతో ఉన్న టీమే తర్వాత హైదరాబాద్ సిటీ పోలీస్ అయింది. బస్తీలో బాగా ఆడే కుర్రాడికి ఖాకీ చొక్కా, నెల జీతం దొరికే దారి అది. 1950లో ఆ టీమ్ బాధ్యత రహీమ్ చేతికి వచ్చాక బొంబాయి రోవర్స్ కప్పు వరసగా ఐదుసార్లు, 1950 నుంచి 1954 దాకా, ఇంకెవరికీ పోనివ్వలేదు. 1950లోనే ఇంకో పెద్ద పోటీ డ్యూరాండ్ కప్పు ఫైనల్లో కలకత్తా క్లబ్బు మోహన్ బగాన్‌ను రీప్లేలో ఓడించారు. రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ 1956-57లో, 1957-58లో మనదే.

ఆ రోజుల్లో సికింద్రాబాద్ వైపు ఉన్న అమ్ముగూడ నుంచి వచ్చినవాడే తులసీదాస్ బలరాం. తమిళ మూలాలున్న కుటుంబం, చేతిలో డబ్బు లేదు, అక్కడి నుంచి సిటీకి రానుపోను ఖర్చు భరించలేనని క్యాంపుకు రానంటే రహీమే ఆ సైకిలు ఖర్చు సంగతి చూశాడని చెప్తారు. ఆ కుర్రాడు 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీదా, పెరూ మీదా గోల్ కొట్టాడు.

ఇక్కడే కథ తిరగబడింది. బలరాం 1957లోనే కలకత్తా క్లబ్బు ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిపోయాడు. తర్వాత ఇక్కడి ఆటగాళ్లే అయిన హబీబ్, నయీముద్దీన్, అక్బర్, అందరి దారీ అదే. కలకత్తాలో స్టేడియాలు నిండేవి, డబ్బు ఉండేది, ఇక్కడ ఏముంది? నయీముద్దీన్ 1970 బ్యాంకాక్ ఏషియాడ్‌లో కాంస్యం గెలిచిన జట్టుకు కెప్టెన్. 1977లో పీలే ఉన్న న్యూయార్క్ టీమ్ కాస్మోస్ మీద ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టినవాళ్లలో హబీబ్ ఒకడు. అప్పటికి వీళ్లను కలకత్తావాళ్లు అనుకునేవాళ్లే ఎక్కువ. బెంగాలీలు వాళ్లను నెత్తిన పెట్టుకున్నారు, మనం పేర్లు మర్చిపోయాం (నేనూ హబీబ్ గురించి పూర్తిగా తెలుసుకున్నది 2023 ఆగస్టులో ఆయన పోయాకే).

మంచి ఆటగాళ్లు పోవడం ఒక్కటే అయితే తట్టుకునేవాళ్లం. కిందినుంచి కొత్తవాళ్లు వస్తూనే ఉండేవాళ్లు, 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో సంతోష్ ట్రోఫీ కొట్టింది కూడా అలా వచ్చినవాళ్లే. ఆ తర్వాత ఆటగాళ్లకని ఇచ్చే ఉద్యోగాలు తగ్గాయి. ఉద్యోగం రాని ఆటకు పిల్లాడిని ఏ తల్లి పంపుతుంది? ఊరు పెరిగేకొద్దీ మైదానాల మీద ఇళ్లు, షెడ్లు, పార్కింగ్‌లు లేచాయి. ఖాళీ జాగా పోయిన క్లబ్బుకు మిగిలేది పేరు ఒక్కటే. మిగిలిన చోట్ల క్రికెట్ పిచ్ పడింది, దానికి క్రికెట్‌ను తిట్టి లాభం లేదు, ఆ పిల్లలకూ ఆడటానికి ఎక్కడో ఒకచోటు కావాలి కదా. రహీమ్ పెట్టిన ఆ డ్రిబ్లింగ్ లేని పోటీలు కూడా ఆయనతోనే పోయాయి.

అందుకే 2019లో వచ్చిన టీమ్‌కు గచ్చిబౌలిలో స్టేడియం దొరికింది కానీ, వెనక బస్తీ దొరకలేదు. బొల్లారంలో వాళ్లకో చిన్న టీమ్, బార్కస్‌లో ఇంకో చిన్న టీమ్ ఉండి, ఆ పిల్లల అమ్మానాన్నలు ఆదివారం టికెట్ కొనుక్కుని వచ్చి ఉంటే, ఓనర్ మారినా దాన్ని అంత సులువుగా ఇంకో ఊరికి తీసుకుపోగలిగేవాళ్లు కాదు. ఇప్పుడు సిటీలో ఫుట్‌బాల్ అంటే గంటకు ఇంత అని కట్టి ఆడే టర్ఫ్‌లు, రాత్రి లైట్ల కింద, ఎక్కువగా ఆఫీసు అయ్యాక వచ్చేవాళ్లు. అమ్ముగూడ పిల్లాడు సైకిలు మీద వచ్చినా లోపలికి వెళ్లాలంటే ఫోన్‌లో బుకింగ్ ఉండాలి.